ధర్మానంద కోశాంబి: పాళిని తిరిగి తెచ్చిన బాటసారి

గత బుద్ధ పూర్ణిమకు వందన పుస్తకం అచ్చువేయించే సందర్భంలో మన కార్యవర్గంలో ఒక వాదం నడిచింది. పాళి గాథలను తెలుగు లిపిలో వేయాలా, గుజరాతీ లిపిలో వేయాలా అన్నది ప్రశ్న. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి మగ్గాల పనికి వచ్చి సూరత్‌లో స్థిరపడిన తరానికి తెలుగు అక్షరాలే అక్షరాలు. ఇక్కడే పుట్టి గుజరాతీ, ఇంగ్లీషు మాధ్యమాలలో చదువుకున్న వారి మనుమలకు అవి గోడ మీది బొమ్మలతో సమానం. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతున్నది గాని, మన ఇళ్లలో ఎందరు పిల్లలు అక్కడికి వెళుతున్నారో మనకు తెలియనిది కాదు. నేను తెలుగు లిపి పక్షాన కాస్త గట్టిగానే వాదించాను. చివరకు ఎదురెదురు పుటలలో రెండు లిపులలోనూ వేశారు. పూర్ణిమనాడు పిల్లలంతా కుడివైపు పుటనే చూసి చదివారు. కుడివైపున ఉన్నది గుజరాతీ.

ఆ సాయంత్రం నుండి నాకు మాటిమాటికీ గుర్తుకు వచ్చిన వ్యక్తి ధర్మానంద కోశాంబి. భారతదేశం తన ఇంట పోగొట్టుకున్న పాళి భాషను పరదేశాలకు వెళ్లి నేర్చుకుని తిరిగి తెచ్చిన వారిలో ఆయన అగ్రగణ్యులు. చరిత్ర విద్యార్థులకు ఆయన కుమారుడు దామోదర్ ధర్మానంద్ కోశాంబి పేరు ఎక్కువ పరిచయం. తండ్రి పేరు మాత్రం మన సభలలో కూడా అరుదుగానే వినిపిస్తుంది.

ధర్మానంద దామోదర కోశాంబి 1876 అక్టోబరు 9న, నాటి పోర్చుగీసు గోవాలోని సాంఖ్‌వాళ్ గ్రామంలో జన్మించారు. వారిది గౌడ సారస్వత బ్రాహ్మణ కుటుంబం. ఇంటి భాష కొంకణి. ఆ నేలకు భాషాపరంగా ఒక గాయం ఉంది. 1684లో పోర్చుగీసు వైస్రాయి ఒక శాసనం చేసి, గోవా ప్రజలు మూడేళ్లలో కొంకణి విడిచి పోర్చుగీసు మాట్లాడాలని ఆజ్ఞాపించాడు. శాసనం మిగిలింది గాని కొంకణి చావలేదు. ఇళ్లలో తల్లులు పిల్లలతో ఆ భాషలోనే మాట్లాడుతూ వచ్చారు, అంతే. రాజు నిషేధించినా బ్రతికిన భాషలున్నాయి; ఎవరూ నిషేధించకుండానే పోయిన భాషలూ ఉన్నాయి. పాళి రెండవ కోవకు చెందినది.

ధర్మానందుల బడి చదువు కొద్దిపాటిది. బాల్యమంతా అనారోగ్యంతోనూ, యౌవనారంభం కొబ్బరి తోటల పనితోనూ గడిచింది. పదిహేనేళ్లు నిండకముందే బాలాబాయితో వివాహమైంది. మరాఠీలో పిల్లల కోసం వెలువడే బాలబోధ అనే పత్రికలో బుద్ధుని గురించిన ఒక వ్యాసం ఆయన కంటబడడం జీవితాన్ని మలుపు తిప్పింది. బుద్ధుని మాటను బుద్ధుని అనుయాయులు కాపాడిన భాషలోనే చదవాలన్న పట్టుదల అప్పుడు పుట్టింది. 1899 చివర, పసిబిడ్డ మాణిక్‌ను, భార్యను వదిలి ఆయన ఇల్లు దాటారు.

మన ప్రసంగాలలో ఈ ఘట్టాన్ని సిద్ధార్థుని మహాభినిష్క్రమణతో పోల్చే అలవాటు ఉంది. ఆ పోలిక నాకు రుచించదు. చెంత నిలిచే భర్త లేక ఏడేళ్లు బిడ్డను పెంచిన బాలాబాయి కష్టం ఆ పోలికలో కనబడకుండా పోతుంది. పాళి తిరిగి రావడానికి చెల్లించిన మూల్యంలో ఒక భాగం ఆమెది.

ఆయన పుణే చేరి సంస్కృతం మొదలుపెట్టారు. అక్కడి నుండి గ్వాలియర్, ఆపైన కాశీ. కాశీలో అన్నసత్రాలలో భోజనం చేస్తూ శాస్త్రాధ్యయనం సాగించారు. సంస్కృతం లభించింది గాని పాళి లభించలేదు. 1902లో ఎంతో ఆశతో కాలినడకన నేపాల్ వెళ్లారు. అక్కడి బౌద్ధం స్థితి చూసి నిరాశతో వెనుదిరిగారు. బోధ్‌గయ చేరాక తెలిసినదేమంటే, పాళి కావాలంటే సముద్రం దాటాలని. బుద్ధుడు నడిచిన దేశంలో, ఆయన బోధను మూలభాషలో నేర్పే గురువు ఈ యువకునికి దొరకలేదు.

ఇట్లెందుకు జరిగిందో ఆలోచించడం చరిత్ర బోధించే నావంటివాని విధి. భాషలు పోయే దారులు ఒకటి కాదు. మాట్లాడే మనుషులే అంతరించినప్పుడు భాష వారితో పోతుంది; అండమాన్‌లో బో భాష తెలిసిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూయగా ఆ భాష ఆమెతోనే ముగిసింది. కాని ఎక్కువ సందర్భాలలో మనుషులు బ్రతికే ఉంటారు, పిల్లలకు మరొక భాష ఎక్కువ ఉపయోగమని అనిపిస్తుంది, ఒకటి రెండు తరాలలో పాత భాష ముసలివాళ్ల భాషగా మిగులుతుంది. పాళి విషయం మరికొంత భిన్నం. అది ఏ ఒక్క ఊరి ఇంటి భాషో కాదనీ, అనేక ప్రాకృత మాండలికాలు కలిసి కుదురుకున్న గ్రంథభాష అనీ పండితుల అభిప్రాయం. అశోకుని శాసనాలలో పాళికి బాగా దగ్గరగా ఉన్నది గిర్నార్ శాసన భాష. మనం ఉన్న ఈ గుజరాత్‌లోనే, జునాగఢ్ దగ్గరి కొండరాతి మీద అది నేటికీ కనిపిస్తుంది. జాతక కథలలోని వర్తకులు ఓడలెక్కిన భరుకచ్ఛం నేటి భరూచ్. సూరత్ నుండి గంటకు కాస్త అటూ ఇటూ రైలు ప్రయాణం.

తెలుగు నేల కథ కూడా ఇటువంటిదే. అమరావతిలో, నాగార్జునకొండలో దాతలు తమ దానాలను చెక్కించినది ప్రాకృతంలో. నాగార్జునకొండ శాసనాలలో తామ్రపర్ణి ఆచార్యుల ప్రస్తావన ఉంది. అంటే సింహళానికీ కృష్ణాతీరానికీ నడుమ భిక్షువుల రాకపోకలు ఉండేవి. నాలుగో శతాబ్ది తరువాత శాసనాలలో సంస్కృతం పైచేయి సాధించింది. ఆరో శతాబ్దిలో రేనాటి చోళుల కాలానికి తెలుగు తలెత్తింది. బౌద్ధ ఆచార్యులు సైతం పండిత సభలలో వాదించి నెగ్గడానికి సంస్కృతాన్నే ఎంచుకున్నారు. వలభి, నలందా విద్యాపీఠాల ఘనత అధికభాగం సంస్కృతంలోనిదే. శత్రువులు విహారాలను కూల్చిన కథలు మనం తరచు చెప్పుకుంటాం. వాటిలో నిజం లేకపోలేదు. కాని విహారాలు కూలకముందే, లోపలివారు భాష మార్చుకున్నారన్న సంగతిని మనం తక్కువగా చెప్పుకుంటాం. సామాన్యుల భాషలో బోధించిన గురువు అనుయాయులు సామాన్యులకు అందని భాషలోకి వెళ్లిపోయారు. తూర్పున చట్టగ్రామం వంటి కొన్ని చోట్ల తప్ప ఈ దేశంలో ఆ పరంపర తెగిపోయింది. మన మాటలలో మాత్రం ఆ పాత ప్రాకృతాల జాడ నిలిచింది: అగ్గి, పున్నమి, సిరి, బత్తి అన్నప్పుడు మనకు తెలియకుండానే దానిని పలుకుతున్నాం.

1902లో కోశాంబి కొలంబోలోని విద్యోదయ పరివేణ చేరారు. హిక్కడువే శ్రీ సుమంగల మహాథేరులు 1873లో స్థాపించిన విద్యాలయం అది. అక్కడ ఆయన శ్రామణేర దీక్ష పొంది పాళి చదివారు. సింహళం ఆ భాషను కాపాడిన తీరు గమనించదగినది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దిలో, కరవుకాటకాలకు త్రిపిటకం కంఠస్థులతోపాటే నశించిపోతుందన్న భయంతో అలువిహారంలో దానిని గ్రంథస్థం చేశారు. ఆ సింహళంలోనే తరువాతి కాలంలో ఉపసంపద పరంపర తెగిపోతే, 1753లో సయాం నుండి ఉపాలి థేరులను రప్పించి మళ్లీ నిలుపుకున్నారు. ఒకరి పొయ్యి ఆరితే పొరుగింటి నుండి నిప్పు తెచ్చుకున్నట్లు ఈ దేశాలు ఒకదానికొకటి అప్పు ఇచ్చుకున్నాయి. కోశాంబి చేసినదీ అదే, కాకుంటే మన ఇంట పొయ్యి ఆరి చాలా కాలమైంది.

సింహళం తరువాత ఆయన బర్మా వెళ్లారు. పాళికి సొంత లిపి లేదు. సింహళంలో సింహళ లిపి, బర్మాలో బర్మా లిపి, సయాంలో సయామీ లిపి. లండన్‌లో 1881లో రైస్ డేవిడ్స్ స్థాపించిన పాళి టెక్స్ట్ సొసైటీ ప్రచురణలకు రోమన్ లిపి. ఆ భాషను ఏ దేశం ప్రేమిస్తే ఆ దేశపు అక్షరాలు తొడుక్కున్నది. కోశాంబి ఈ లిపులను ఒక్కొక్కటిగా నేర్చుకున్నారు. వందన పుస్తకం వాదంలో ఈ సంగతి నాకు ముందే స్ఫురించి ఉంటే, నా గొంతు కొంత తగ్గి ఉండేదేమో.

1906లో ఆయన చీవరం విడిచి గృహస్థ జీవితానికి తిరిగివచ్చారు. కలకత్తాలో జాతీయ కళాశాలలోనూ, అషుతోష్ ముఖర్జీ ఉపకులపతిగా ఉన్న కలకత్తా విశ్వవిద్యాలయంలోనూ పాళి బోధించారు. అక్కడే స్థిరపడి ఉంటే మంచి జీతంతో నిశ్చింతగా ఉండగలిగేవారు. బరోడా మహారాజు సాయాజీరావు గాయక్వాడ్ నెలకు 50 రూపాయలు ఇస్తానన్నారు. మహారాష్ట్రంలో ఎక్కడైనా నివసించి గ్రంథరచన చేయాలన్నది షరతు. 1908లో కోశాంబి కలకత్తా వదిలి ఆ 50 రూపాయలను ఎంచుకున్నారు. తన ప్రజల భాషలో చెప్పడానికే తాను నేర్చుకున్నానన్నది ఆయన లెక్క. బుద్ధుడు, ధర్మం, సంఘం గురించి మరాఠీలో చేసిన ఉపన్యాసాలు 1910లో పుస్తకమయ్యాయి. మన పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి: ఈ సాయాజీరావే 1913లో అంబేడ్కర్‌ను విద్యార్థి వేతనం మీద అమెరికా పంపినవారు. సూరత్‌కు నూటయాభై కిలోమీటర్ల దూరంలోని ఒక సంస్థానం ఖజానా, ఈ దేశపు బౌద్ధ పునరుజ్జీవనానికి రెండు వైపుల నుండి నూనె పోసింది.

1910లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి పిలుపు వచ్చింది. హెన్రీ క్లార్క్ వారెన్ అనే పండితుడు విసుద్ధిమగ్గ పరిష్కరణ మొదలుపెట్టి 1899లో మరణించగా అది అసంపూర్తిగా ఉండిపోయింది. సింహళ, బర్మా ప్రతులను సరిపోల్చగలిగిన వ్యక్తి కావాలి. కోశాంబి వెళ్లి రెండేళ్లు పనిచేశారు. గ్రంథ ముఖపత్రం మీద ఎవరి పేరు ఎట్లా ఉండాలన్న విషయంలో ఆచార్య లాన్మన్‌తో పొసగక 1912లో తిరిగివచ్చారు. ఆత్మగౌరవం ఉన్న మనిషి, వలస రాజ్యపు పౌరుడు, మరొకరి కింద పనిచేసినప్పుడు జరిగేదే జరిగింది. అయినా గ్రంథాన్ని వదలలేదు. 1918లో, 1926లో, 1931లో మళ్లీ మళ్లీ అమెరికా వెళ్లారు.

ఆ గ్రంథకర్త బుద్ధఘోషుడు అయిదో శతాబ్ది వాడు. ఆయన బోధ్‌గయ సమీపంలో జన్మించిన బ్రాహ్మణుడని మహావంసం చెబుతుంది. కోశాంబి దానిని అంగీకరించలేదు. గ్రంథంలోని ఆంతరిక సాక్ష్యాలను చూసి, ఆయన దక్షిణాది వాడనీ, బర్మీయులు ఆయనను తలైంగ్ అనడానికి తెలంగ దేశపు వాడు కావడమే కారణమనీ వాదించారు. ఆయన శిష్యుడు పి.వి. బాపట్ కూడా బుద్ధఘోషుని జాడను ఆంధ్రదేశంలోనే వెదికారు. ఇది తుది తీర్పు కాదు. అంగీకరించని పండితులు ఉన్నారు. అందువల్ల మనవాడని వేదికల మీద చాటడం తొందరపాటే. అయినా, సింహళం వెళ్లి పాళిలో రాసిన ఆ ఆచార్యునికి తెలుగు నేలతో బంధం ఉండి ఉండవచ్చన్న ఆలోచనను ఒక గోవా వాసి మనకు ఇచ్చిపోయాడని తెలుసుకోవడంలో తప్పులేదు.

1912 నుండి 1918 వరకు పుణే ఫెర్గూసన్ కళాశాలలో ఆయన పాళి బోధించారు. పశ్చిమ భారతంలో విశ్వవిద్యాలయ స్థాయి పాళి చదువుకు అక్కడ పునాది పడింది. బాపట్ ఆ తరగతులలోని విద్యార్థి. తరువాత ఆయనే 1956లో 2500వ బుద్ధ జయంతి సందర్భంగా భారత ప్రభుత్వం వెలువరించిన గ్రంథానికి సంపాదకులయ్యారు. భాష మళ్లీ మొలకెత్తడమంటే ఇదే: ఒక ఉపాధ్యాయుడు, నలుగురు విద్యార్థులు, వారిలో ఒకరు మళ్లీ ఉపాధ్యాయుడు కావడం.

1922లో ఆయన మన గుజరాత్‌కు వచ్చారు. గాంధీ 1920లో అహమ్మదాబాద్‌లో స్థాపించిన గుజరాత్ విద్యాపీఠంలో పురాతత్త్వ మందిరం అనే పరిశోధన విభాగం ఉండేది. ముని జినవిజయ్, పండిత సుఖ్‌లాల్, బేచర్‌దాస్ దోషీ వంటి జైన విద్వాంసుల నడుమ ఒక బౌద్ధుడు కూర్చుని మూడేళ్లు పాళి పని చేశారు. ఆయన రచనలు పలు గుజరాతీలోకి వచ్చినవి అందువల్లనే. ఆయన ఆత్మకథ నివేదన్ 1924లో మరాఠీలో వెలువడింది, గుజరాతీలోనూ వచ్చింది. ప్రాచీన శ్రమణుల ఆహారం గురించి మూలగ్రంథాలలో ఉన్నదున్నట్లు రాసినందుకు ఆయన మీద జైనులలో కొందరు తీవ్రంగా కోపించారు. మూలభాష చేతికి వచ్చినప్పుడు, మనకు నచ్చే మాటలే కాక నచ్చనివి కూడా దానివెంట వస్తాయి.

1929లో సోవియట్ రష్యా వెళ్లి లెనిన్‌గ్రాడ్‌లో బౌద్ధ విద్యల సంస్థలో కొంతకాలం ఉన్నారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. 1937లో బొంబాయి పరేల్ మిల్లు కార్మికుల వాడలో, అస్పృశ్యులుగా చూడబడిన వారి నడుమ, బహుజన విహారం నెలకొల్పారు. ఆ పేరులోని బహుజన శబ్దం పాళి నుండి తీసుకున్నదే. పత్తి మిల్లుల పొగలో పనిచేసేవారికి బుద్ధుని కథ మరాఠీలో చెప్పిన ఆ విహారాన్ని, ఆయన హార్వర్డ్ పని కన్నా నేను ఎక్కువగా గౌరవిస్తాను. మనవాళ్లు కూడా మగ్గాల చప్పుడు మధ్యనే గాథలు నేర్చినవారు కదా.

1940లలో ఆయన కృషి పండింది. విసుద్ధిమగ్గ దేవనాగరి ముద్రణ 1940లో భారతీయ విద్యాభవన్ నుండి వచ్చింది. మరాఠీలో భగవాన్ బుద్ధ అదే కాలానిది. సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి ముసలితనం, రోగం, శవం చూడడం కారణం కాదనీ, రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ రేగిన కలహం కారణమనీ ఆయన పాళి సుత్తాల ఆధారంతో ప్రతిపాదించారు. అంబేడ్కర్ బుద్ధుడు - ఆయన ధమ్మం గ్రంథంలో మనం చదివే కథ ఈ దారిలోనిదే. మూలభాషను ఒకరు తిరిగి తెచ్చినందువల్ల, ఏళ్ల తరువాత లక్షలమంది తమ గురువు కథను కొత్తగా విన్నారు. అంబేడ్కర్ స్వయంగా పాళి నిఘంటువు కూర్చుకున్నారు. అది ఆయన రచనల సంపుటాలలో అచ్చయింది.

పాళి పునరుజ్జీవనానికి హద్దులు ఉన్నాయన్నది దాచనవసరం లేదు. హీబ్రూ వంటి విజయం అది కాదు. ఎలియేజర్ బెన్ యెహూదా 1882లో పుట్టిన తన కొడుకుతో హీబ్రూ తప్ప మరేదీ మాట్లాడనివ్వలేదు. ఇంటింటా పిల్లల నోట పడినందున అది ఒక దేశపు భాషగా లేచింది. పాళి ఏ పసివాని మొదటి మాటా కాలేదు, కోశాంబి దానిని ఆశించనూ లేదు. ఆయన కోరినది చదవగలగడం, అర్థం కావడం, తమ తల్లిభాషలో చెప్పుకోగలగడం. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పాళికి ప్రాచీన భాషా ప్రతిపత్తి ప్రకటించింది. సంతోషమే. అర్థం తెలియకుండా త్రిశరణాలు వల్లించే మన అలవాటును ఏ ప్రకటనా మార్చలేదు.

చివరి సంవత్సరాలలో మధుమేహం, ఇతర వ్యాధులు ఆయనను కుంగదీశాయి. ఇతరులకు భారం కారాదని ఆహారం మానుకోవడానికి ఒకసారి ప్రయత్నించగా గాంధీ వారించారు. తరువాత సేవాగ్రామ్ ఆశ్రమంలో ఉపవాసం చేస్తూ 1947 జూన్ 4న కన్నుమూశారు. ఆ నిర్ణయంలో పార్శ్వనాథుని మార్గం పట్ల ఆయనకున్న గౌరవం కనిపిస్తుంది. బౌద్ధునిగా నేను దానితో ఏకీభవించలేను. ఆయన స్మృత్యర్థం పాళి నేర్చుకోవడానికి విద్యార్థులను సింహళం పంపాలని గాంధీ సూచించారు. హార్వర్డ్‌లో మొదలైన విసుద్ధిమగ్గ పరిష్కరణ, పరిష్కర్త మరణించిన మూడేళ్లకు, 1950లో, వారెన్ పేరుతోపాటు ఆయన పేరుతో వెలువడింది.

వచ్చే ఏడాది వందన పుస్తకంలో గాథల కింద పదాలకు అర్థాలు వేయాలని కార్యవర్గం నిర్ణయించింది. తెలుగులోనూ, గుజరాతీలోనూ. తెలుగు భాగం నాకు అప్పగించారు. గుజరాతీ భాగాన్ని మన పిల్లలలో ఇద్దరు రాస్తున్నారు. వారు నా తెలుగు రాతను చదవలేరు గనుక, ఆదివారాలు నేను ప్రతి పదాన్నీ తెలుగులో పైకి చదువుతాను, వారు విని గుజరాతీలో రాసుకుంటారు. నిరుడు ఒక్క అక్షరం తెలియని అమ్మాయి మొన్న నా కాగితంలో సరణం అన్న మాటను తనంత తానే కూడబలుక్కుని చదివింది. ఈ సంచిక వెలువడేనాటికి పంచశీలలో మూడో శీలం దాకా వచ్చాం.